సాంచాల ఇంట్లో గేమింగ్ కంప్యూటర్

2023లో వానలు మొదలైన రోజుల సంగతి ఇది. జగిత్యాలలో బస్టాండుకు దగ్గర్లో ఒక సందులో నా దుకాణం. కంప్యూటర్లు బిగించడం, పాడైతే బాగుచేయడం నా పని. బోర్డు మీద నా పేరే ఉన్నా, లోపలికి వచ్చినవాళ్లలో సగం మంది నన్ను దాటి వెనక గదిలోకి తొంగిచూసి "సార్ లేడా?" అని అడుగుతారు. "సార్ నేనే, చెప్పరి" అంటాను. మా బాపు బీర్పూర్‌లో కల్లు కోసం తాటిచెట్లు గీసేవాడు. ఆయన చెట్టెక్కే మోకు పట్టాడు, నేను స్క్రూడ్రైవర్ పట్టాను. ఇన్నేళ్లలో కంప్యూటర్ల కడుపుల్లో నేను చూడనిది లేదనే అనుకునేదాన్ని. బల్లి గుడ్లు, చీమల పుట్టలు, ఎలుక పిల్లలు, ఒకసారైతే ఎవరో చంటిపిల్ల కన్నంలోంచి జారవిడిచిన అటుకులు. వాటిని చూసి ఉలిక్కిపడే రోజులు ఎప్పుడో పోయాయి. అట్లాంటి నన్ను నోరు తెరిచి నేల మీద కూలబడేలా చేసిన కేసు గురించి చెప్తాను.

ఒకరోజు పొద్దున సిరిసిల్ల నుంచి తండ్రీ కూతుళ్లు వచ్చారు. ఆయన పేరు రాజేశం. సాంచాలు నడుపుతాడు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. సిరిసిల్లలో అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. కూతురు అఖిల డిగ్రీ చదువుతోంది. కోరుట్లలో ఉండే ఆమె మేనత్త పనిచేసే బట్టల దుకాణానికి బిల్లింగ్ కంప్యూటర్ నేనే ఇచ్చాను. అంత దూరం నుంచి నన్ను వెతుక్కుంటూ రావడానికి అదీ కారణం. ఆశ్చర్యమేమంటే రాజేశం అన్న లోపలికి వస్తూనే "సార్ లేడా?" అనలేదు. "నువ్వేనా చెల్లె బిగించేది?" అన్నాడు. అక్కడే నాకు సగం నచ్చేశాడు.

అఖిల ఫోన్ తీసి నా ముందు పెట్టింది.

"అక్కా, నాకు గిసొంటిది గావాలె."

చూశాను. చుట్టూ అద్దాల డబ్బా, లోపల రంగురంగుల లైట్ల పంకాలు, చల్లదనానికి నీళ్ల గొట్టాలు. ఎవరో పట్నం కుర్రాడు వీడియోలో చూపిస్తున్నాడు. వీళ్ల దగ్గరున్నది రాజేశం అన్న ఎత్తిన చీటీ డబ్బు. దాంతో ఆ అద్దాల డబ్బా, లైట్లు కొంటే లోపల పెట్టడానికి ఇక ఏమీ మిగలదు.

"బిడ్డా, లైట్లు ఆట ఆడుతయా? కార్డు ఆడుతది," అన్నాను.

"ఊకో అక్కా, అందరియి గట్లనే ఉన్నయి."

"అందరి బాపులు సాంచాలు నడుపుతరా?"

అఖిల మూతి ముడిచింది. నా నోరు అంతే, కాస్త దురుసు. అయినా తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ కంప్యూటర్ బిగించేటప్పుడు ఎవరో ఒకరు దురుసుగా ఉండక తప్పదు. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. ప్రాసెసర్ అనేది లెక్కలు చేసే మెదడు. గ్రాఫిక్స్ కార్డు అనేది ఆటలోని బొమ్మలను గీసి తెర మీదికి పంపే పలక. ఆట ఎంత సాఫీగా నడుస్తుందన్నది చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. ఎస్సెమ్‌పీఎస్ అంటే గోడ కరెంటు తీసుకుని లోపలున్న అన్నింటికీ తగినట్టు పంచే డబ్బా. జనం పైపై సోకులకు ఖర్చుపెట్టి ఈ డబ్బా దగ్గర పిసినారితనం చేస్తారు. తర్వాత ఏడుస్తూ నా దగ్గరికే వస్తారు.

రాజేశం అన్న అంతా విని, ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"దీన్ల మోటరు ఏది చెల్లె?"

"మోటరంటే?"

"కరెంటు వట్టుకొని అన్నిటికి ఇచ్చేది."

ఎస్సెమ్‌పీఎస్ తీసి చూపించాను. చేతిలోకి తీసుకుని బరువు చూశాడు.

"గిది మాత్రం మంచిది ఎయ్యి. మోటరు సన్నది వెడితె సాంచ నడుమల్నే ఆగుతది. బట్ట ఖరాబైతది."

"బాపూ, నీకు తెల్వది, నువ్వు ఊకో," అంది అఖిల.

"మీ బాపుకే తెలుసు, నువ్వే ఊకో," అన్నాను నేను.

అట్లా ముగ్గురం కూర్చుని తేల్చాం. డబ్బులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకు, ఆ తర్వాత ఎస్సెమ్‌పీఎస్‌కు. ప్రాసెసర్ ఒక తరం పాతది, కానీ ఆటకు చాలినది. మానిటర్ సెకండ్‌హ్యాండ్. అద్దాల డబ్బా బదులు పక్కలా పైనా జాలీ ఉన్న మామూలు క్యాబినెట్. గాలి బాగా ఆడుతుందని నేనే పట్టుబట్టి అది ఇప్పించాను. ఆ జాలీ మాట గుర్తుంచుకోండి.

ఇంత ఆరాటం దేనికంటే, అఖిలను హైదరాబాద్‌లో ఒక గేమింగ్ టీమ్ పిలిచింది. ఫోన్‌లో ఆమె ఆట చూసి మెచ్చుకున్నారు గానీ, పోటీలన్నీ కంప్యూటర్ మీదే జరుగుతాయి. అందుకని ఒక నెల గడువిచ్చి, ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో ట్రయల్ ఆడి చూపించమన్నారు. నెగ్గితే టీమ్‌లో చోటు, నెలనెలా జీతం. అట్లాంటి ఉద్యోగం ఒకటుందని నమ్మడానికి నాకే కష్టంగా ఉంది. రాజేశం అన్న ఎట్లా నమ్మాడా అనిపించి అడిగేశాను.

"నాకేం సమజ్ కాదు చెల్లె," అన్నాడు. "మా గల్లిల ఆడివిల్లలు సదువు బందు గాంగనే బీడీలు జేసే చాట ముందటేసుకుంటరు. వాళ్ల అవ్వ, నా పెండ్లాం, గా చాట ముందట్నే ముసలిదయింది. నా బిడ్డ ఒళ్లె గా చాట వడద్దు. గంతే."

అఖిల ఫోన్‌లో ఆ లైట్ల వీడియో మూసేసింది.

వాళ్ల ముందే బిగించాను. రాజేశం అన్న చేతులు వెనక కట్టుకుని ప్రతి స్క్రూను చూశాడు. పంకాలు తిరగడం మొదలెట్టగానే చెవి దగ్గర పెట్టి విన్నాడు. సాయంత్రం బస్సులో క్యాబినెట్‌ను చంటిబిడ్డలాగా ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. మంచి పని చేశానన్న తృప్తితో ఆ పూట నేనూ బోటికూర తెప్పించుకుని తిన్నాను.

ట్రయల్ ఇంకో మూడు నాలుగు రోజులుందనగా అఖిల ఫోన్ చేసింది. 

"అక్కా, ఆట నడుమల బందైపోతంది. ఊకె ఊకె బందైతంది."

"పంకాలు తిరుగుతున్నయా?"

"మస్తు సప్పుడు జేస్తున్నయి. గని కార్డుది ఒకటి తిరుగుతలేదు."

వేడికే ఆగిపోతోందని అర్థమైంది. సాంచాల ఇల్లు కదా, దూది నూగు పట్టి ఉంటుంది, బ్రష్‌తో దులిపితే పోయేదే అనుకున్నాను. అసలు అదే నా ధీమా. "పట్టుకొని రారి, గంటల చేసిస్త" అన్నాను.

మర్నాడు ఇద్దరూ దిగారు. రాజేశం అన్న క్యాబినెట్‌ను కొత్త బట్టలో చుట్టి తెచ్చాడు. బట్ట విప్పగానే అడుగున తడి మరక కనిపించింది. వానకు తడిసిందేమో అనుకుంటూ వేలితో తాకాను. జిడ్డు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కిరోసిన్ కాదు, వంటనూనె కాదు. ఏదో కార్ఖానా వాసన.

పక్క మూత తీశాను.

నా జన్మలో అట్లాంటిది చూడలేదు. లోపల మదర్‌బోర్డు కనపడదు, కార్డు కనపడదు. అంతటా నల్లటి కంబళి పరిచి ఉంది. దూది నూగు నూనెలో నాని, పొరలు పొరలుగా అట్టకట్టుకుపోయింది. గ్రాఫిక్స్ కార్డు అంచు నుంచి నూనె బొట్టు ఒకటి నెమ్మదిగా సాగి నా టేబుల్ మీద పడింది. ఇంకోటి పడింది. తాటిచెట్టు మొవ్వులో నిలబడి కిందికి చూస్తే మా బాపుకు కూడా ఇట్లా కళ్లు తిరిగి ఉండవు. స్టూలు వెనక్కి జరిగిపోయి నేను నేల మీద కూలబడ్డాను.

"అవ్వో! ఎవడు చేసిండు గీ పని?" అని అరిచాను. పక్కనున్న జిరాక్స్ దుకాణం అతను కూడా పరుగెత్తుకొచ్చాడు.

అఖిల కూడా అప్పుడే చూస్తోంది.  రాజేశం అన్న మాత్రం ఏమీ దాచకుండా, కొంచెం గొప్పగానే చెప్పాడు.

"నేనే చెల్లె. రోజు పొద్దుగాల ఏస్తున్న."

"ఏందే ఏసేది?"

"నూనె. సాంచాల నూనె. మంచిదే, కల్తీది గాదు."

"కంప్యూటర్‌ల నూనె వోస్తరా అన్నా! ఎవలన్న వోస్తరా!"

"తిరిగేది ఏదైన నూనె అడుగుతది గదా," అన్నాడు అమాయకంగా. "బిడ్డ ఆట మొదలువెట్టంగనే లోపల పంక మొత్తుకునేది. ఎండిపోయిన సాంచ గట్లనే మొత్తుకుంటది. నేను విన్న. నూనె డబ్బ మూతి సన్నగుంటది, గీ జాలిలకెల్లి మంచిగ పోతది. తిరిగేటియి యాడ కనవడితె ఆడ వోసిన."

జాలీ! గాలి ఆడాలని నేను ఏరికోరి ఇప్పించిన జాలీ. తల పట్టుకున్నాను.

"మరి నూనె వోసినంక మొత్తుకునుడు తగ్గిందా?"

"లే. ఇంక ఎక్కువైంది. అందుకె ఇంక జర ఎక్కువ వోసిన."

అసలు జరిగింది అదీ. ఆట మొదలైతే కార్డు వేడెక్కుతుంది, దాన్ని చల్లార్చడానికి పంకాలు జోరుగా తిరిగి చప్పుడు చేస్తాయి. అది వాటి పని. ఆ చప్పుడు విని ఆయన నూనె పోశాడు. నూనెకు నూగు అతుక్కుంది. నూగు పట్టి ఇంకా వేడెక్కింది. చప్పుడు పెరిగింది. ఆయన ఇంకా పోశాడు. నెల రోజులు ఒకరిమీద ఒకరు పోటీపడ్డట్టు సాగింది వ్యవహారం.

ఇంకో అనుమానం వచ్చింది. "అన్నా... మోటరుల గూడ వోసినవా?"

"దానికి రెండింతలు," అన్నాడు. "మోటరు గదా."

ఎస్సెమ్‌పీఎస్‌లో గోడ కరెంటు నేరుగా ఉంటుంది. అందులోకి ఇనుప మూతి డబ్బాతో, రోజూ, చేత్తో! ఆ మనిషి నా ముందు ప్రాణాలతో నిలబడి ఉన్నాడన్నదే నాకు వింతగా తోచింది. నా నోటికి ఏం వచ్చిందో అన్నీ అన్నాను. 

అఖిల ఒక్కసారి బోరుమంది.

"ఐతారం నాడు ఆడకుంటె మల్ల పిలువరు బాపూ! నీకు చెప్పిన గదా, నా దాని జోలికి రాకని! ఎందుకు వచ్చినవ్? ఎందుకు?"

రాజేశం అన్న ముఖంలో అప్పటిదాకా ఉన్న గొప్ప అంతా జారిపోయింది. వెళ్లి గడప మీద కూర్చున్నాడు. తన చేతులకేసి చూసుకున్నాడు.  బిడ్డ ఒళ్లో చాట పడొద్దని చీటీ ఎత్తిన మనిషి, బిడ్డ మిషన్‌ను తన చేత్తోనే చంపుకున్నానని ఆ క్షణంలో తెలుసుకున్నాడు.

చచ్చిందని చెప్పడానికే నేను కూడా సిద్ధపడ్డాను. అయినా పని చేసేవాళ్లం కదా, చూడకుండా చెప్పలేం. ఎస్సెమ్‌పీఎస్ పీకి పక్కన పెట్టాను. దాన్ని మాత్రం ఎవరు ఎంత బతిమాలినా మళ్లీ గోడకు తగిలించను. టెస్టింగ్‌కు నేను వాడుకునే దాన్ని కలిపి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని స్విచ్చి వేశాను.

లైటు వెలిగింది. తెర వచ్చింది.

నేను రెండోసారి కూలబడలేదు గానీ, అదొక్కటే తక్కువైంది. నూనె కారుతున్న బోర్డు నా ముందు బుద్ధిగా పనిచేస్తోంది! తర్వాత నిదానంగా ఆలోచిస్తే తోచింది. సాంచాల నూనె ఖనిజ నూనె. అందులో కరెంటు పారదు. కంప్యూటర్‌ను చల్లగా ఉంచడానికి అట్లాంటి నూనెలో ముంచి నడిపేవాళ్లున్నారని ఎప్పుడో చదివి, గప్పాలు కొడుతున్నారులే అనుకున్నాను. నూనె బదులు నీళ్లు పోసి ఉంటే మొదటి రోజే పోయేది. ఇక్కడ ఊపిరాడకుండా చేసింది నూనె ఒక్కటే కాదు, దానికి అతుక్కున్న నూగు.

"అఖిలా, ఏడుపు ఆపు. ఇంక పాణం ఉంది," అన్నాను.

కార్డు విప్పాను. దాని మీద వేడిని లాగే సన్నటి లోహపు రేకులు దువ్వెన పళ్లలాగా దగ్గరదగ్గరగా ఉంటాయి. ఆ సందులన్నీ అట్టకట్టి పోయాయి. బోర్డులు తుడిచే స్పిరిట్‌లో బ్రష్ ముంచి రుద్దాను. పైది వచ్చింది, లోపలిది రాలేదు. గట్టిగా గీకితే రేకులు వంగుతాయి. తిప్పలు పడుతుంటే గడప దగ్గర నుంచి రాజేశం అన్న లేచి వచ్చాడు.

"చెల్లె, తిట్టనంటె ఒక మాట. గది నేను దీస్త."

"నువ్వు ముట్టకు బాపూ!" అంది అఖిల.

నేను ఒక నిమిషం ఆలోచించి కార్డు రేకుల భాగాన్ని ఆయన ముందు పెట్టాను. కరెంటు లేని ముక్క, ఇక పోయేదేముంది! ఆయన చొక్కా జేబులోంచి సన్నటి కొక్కెం తీశాడు. సాంచాలో తెగిన పోగును సందులోంచి లాగేది. దాన్ని ఒక రేకు సందులో దింపి, చేయి కదిలీ కదలకుండా లాగాడు. నల్లటి నూగు పొడవాటి పట్టీలాగా తెగకుండా వచ్చేసింది. రేకు ఇసుమంత వంగలేదు. ఇంకో సందు. ఇంకోటి. మధ్యాహ్నం తిండి కూడా మరిచి అట్లాగే కూర్చున్నాడు. కాసేపటికి అఖిల కళ్లు తుడుచుకుని, ఫోన్ టార్చి వేసి ఆయన చేతుల మీదికి పట్టింది. నేను చూసీ చూడనట్టు ప్రాసెసర్ మీద కొత్త పేస్టు రాసుకున్నాను. ప్రాసెసర్ వేడి పైనున్న లోహానికి ఎక్కడానికి మధ్యలో రాసే తెల్లటి ముద్ద అది.

కార్డు సొంత పంకాలు మాత్రం జిగురుపట్టి పోయాయి. ఆ మోడల్‌వి జగిత్యాలలో దొరకవు, తెప్పించే సమయం లేదు. మామూలు క్యాబినెట్ పంకాలు రెండు తెచ్చి ప్లాస్టిక్ బద్దీలతో కార్డుకు కట్టేశాను. అందం అడగకండి. పనిచేసింది. నా ఎస్సెమ్‌పీఎస్ నేనే వాళ్లకు ఇచ్చేశాను.

అయినా ఆదివారం నాకు ఇంట్లో కాలు నిలవలేదు. వేములవాడ మీదుగా బస్సెక్కి సిరిసిల్ల వెళ్లాను. వెళ్లి చూస్తే ఏముంది, కంప్యూటర్‌ను కిటికీ పక్కనే పెట్టారు. కిటికీ అవతల సన్నటి సందు, దాని అవతల రాజేశం అన్న పనిచేసే సాంచాల షెడ్డు. నూగు అంతా నేరుగా లోపలికే.

"గీడ ఎవరు వెట్టమన్నరు?" అన్నాను.

"నేనే," అన్నాడు తల గోక్కుంటూ. "సాంచాల కాడికెల్లి బిడ్డ కనవడుతదని."

నాకు మళ్లీ తిట్టబుద్ధి కాలేదు. టేబుల్‌ను లోపలి గదిలోకి తోయించి, తలుపుకు తడిబట్ట కట్టించాను.

మధ్యాహ్నం ట్రయల్ మొదలైంది. అఖిల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంది; ఇక ఆమెకు మేం లేం. తెర మీద ఏం జరుగుతోందో నాకు అంతుపట్టలేదు, నేను వినేది పంకాలనే. కొంతసేపటికి అవి జోరందుకున్నాయి. చప్పుడు పెరిగింది. నా పక్కన రాజేశం అన్న ఒళ్లు బిగుసుకుంది. చూస్తుండగానే ఆయన కుడిచేయి తనంతట తానే గూట్లోని నూనె డబ్బా వైపు పోతోంది. నేను కళ్లెర్రజేసి చూశాను. ఉలిక్కిపడి చేయి వెనక్కి లాక్కుని, రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఆట అయ్యేదాకా అట్లాగే నిలబడ్డాడు. నుదుటి మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు. ఆ చేయి వదిలితే ఏం చేస్తుందో ఆయనకే భయం.

కంప్యూటర్ ఆగలేదు. అఖిల హెడ్‌ఫోన్ తీసి వెనక్కి తిరిగి, ఆయన చేతులు చూసి, ముందు అర్థం కాక, తర్వాత అర్థమై, పక్కున నవ్వింది. నెల రోజుల్లో ఆ ఇంట్లో మొదటి నవ్వు అదేనట.

రెండు మూడు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. "అక్కా, తీసుకున్నరు! ముందుగాల ఎక్స్‌ట్రా ప్లేయర్‌గనట, గని తీసుకున్నరు!" వెనక నుంచి రాజేశం అన్న గొంతు వినిపించింది: "నేనైతె ఏం వోయలే అని చెప్పు."

ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. కంప్యూటర్ కొనడానికి వచ్చినవాళ్లను ముందు బడ్జెట్ అడిగేదాన్ని. ఇప్పుడు "మీ ఇంట్ల ఇంక ఏం మిషన్లున్నయి? ఎవలు చూసుకుంటరు?" అని అడుగుతాను. ఆ చూసుకునే మనిషే రేపు దీన్ని కూడా చూసుకుంటాడు, తనకు తెలిసిన తీరుగా. వద్దంటే ఆగడు. ప్రేమ ఉన్న చేతికి ఏదో ఒక పని ఉండాలి. అందుకని ఆ మనిషిని పిలిచి మెత్తటి బ్రష్ ఒకటి చేతిలో పెట్టి, "వారానికోపారి బందువెట్టి, వైరు వీకి, పైపైన దులుపరి. గిది మీ పని" అని అప్పజెప్తాను. మొన్న వెల్గటూర్ నుంచి వచ్చిన పిండిగిర్ని ఆయన "మరి గ్రీజు యాడ వెట్టాలె?" అని అడిగాడు.  ఆయనకు రెండు బ్రష్‌లు ఇచ్చాను.

పోయిన దసరా ముందు అఖిల కార్డుకు సరైన పంకాలు దొరికితే బిగించడానికి మళ్లీ సిరిసిల్ల వెళ్లాను. మూత తీసి చూస్తే లోపల నలుసు లేదు, నా దుకాణంలో ఉన్నప్పటి కన్నా శుభ్రంగా ఉంది. నేను ఇచ్చిన బ్రష్ పక్కనే మేకుకు వేలాడుతోంది. మెచ్చుకుంటూ టేబుల్‌ను కొంచెం జరుపుదామని పట్టుకున్నాను. అది నా చేతిలోంచి జారి గది అవతలికి దూసుకుపోయింది. వంగి చూద్దును కదా, టేబుల్ చక్రాలు నాలుగూ నూనెలో తళతళా మెరుస్తున్నాయి.

తలెత్తి రాజేశం అన్న వైపు చూశాను.

"తిరుగుతయి గద చెల్లె," అన్నాడు.

చక్రాలకు నూనె మంచిదే. ఒక వేలితో టేబుల్‌ను మళ్లీ వెనక్కి తోశాను.